ఇత్తడి కూలి బిళ్ళలు కిలో లెక్కన కరిగిపోతున్నాయి, తెలిసినవారు చెప్పండి

తిరుపతి_నాణెం
కోపం ఆపుకోలేక రాస్తున్నాను. పోయిన ఆదివారం రేణిగుంట వైపు ఒక పాత సామాన్ల దుకాణానికి వెళ్ళాను. ఇత్తడి కుందె ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతుంటే తక్కెడ పక్కన గోనెసంచి కనిపించింది. సగానికి పైగా గుండ్రటి ఇత్తడి బిళ్ళలే. పైన చిల్లు, మధ్యలో చేత్తో గుద్దిన అంకె, దాని కింద ఒక ఇంగ్లీషు అక్షరం. ఎప్పుడో మూతపడిన నూలు మిల్లు ఆఫీసు గదులు కూల్చినప్పుడు వచ్చాయట. జేబులో ఉన్న డబ్బుకు 11 తీసుకున్నాను. మిగతావి పక్కన పెట్టమని చెప్పి, మంగళవారం డబ్బుతో వెళ్తే సంచి లేదు. సోమవారమే కొలిమికి పంపేశాడు. "మీరు వస్తారో రారో నాకేం తెలుసు సార్" అన్నాడు.

నా ప్రశ్న ఒక్కటే. ఇవి జీతానికి బదులు ఇచ్చిన బిళ్ళలా, హాజరు బిళ్ళలా? మా బావగారు వీటితో మిల్లు కొట్లో బియ్యం కొనేవారని అంటున్నారు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

నీలిచీర
తిరుపతిలో టోకెన్ అని వెతికితే దర్శనం టోకెన్లు ఇచ్చే శ్రీనివాసం, విష్ణునివాసం, భూదేవి కాంప్లెక్స్ తప్ప ఇంకేమీ రావు. శీర్షికలో బిళ్ళ అని రాసి మంచి పని చేశారు.

ఇనుపసామాన్లు
దుకాణదారుడిని తిట్టకండి. నేనూ అదే వ్యాపారంలో ఉన్నాను. నెలకు ఎన్నో సంచులు వస్తాయి. ఇత్తడి అంటే మాకు ఇత్తడే. మీరు పది రూపాయలైనా బయానా ఇచ్చి ఉంటే ఆ సంచి కదిలేది కాదు. మాట మీద సరుకు ఆపితే మాకు వడ్డీ ఎవరు కడతారు?

తిరుపతి_నాణెం
బయానా ఇవ్వకపోవడం నా తప్పే. ఒప్పుకుంటున్నాను. అయినా బాధ తగ్గడం లేదు.

చిల్లర_చరిత్ర
మీ బావగారు చెప్పింది ఒకప్పుడు ఇంగ్లండులో నిజం. అక్కడ యజమానులు డబ్బుకు బదులు బిళ్ళలో సరుకులో ఇచ్చేవారు. ఆ బిళ్ళలు యజమాని కొట్లోనే చెల్లేవి, అక్కడ ధరలు ఎక్కువ. 1831లో చట్టం చేసి జీతం నాణేల్లోనే ఇవ్వాలన్నారు. సింహళంలో కాఫీ గింజలు ఏరే కూలీలకూ బిళ్ళలు ఇచ్చేవారు, అవి ఇప్పుడు సేకర్తల దగ్గర ఉన్నాయి.

మన దేశంలో రెండు చట్టాలు గుర్తుంచుకోండి. 1889 నాటి లోహపు టోకెన్ల చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు డబ్బుగా వాడేందుకు లోహపు ముక్కలు తయారు చేయడం, ఇవ్వడం నేరం. 2011లో నాణేల చట్టం వచ్చి దాన్ని తనలో కలుపుకుంది, నిషేధం మాత్రం అలాగే ఉంది. ఇక 1936 వేతనాల చెల్లింపు చట్టం జీతం చలామణీలో ఉన్న నాణేల్లోనో నోట్లలోనో ఇవ్వాలంది. మీ బిళ్ళ మీద రూపాయి, అణా, పైసా అని ఏమైనా ఉందా? అంకె మాత్రమే ఉంటే అది డబ్బు కాదు, మనిషి.

తిరుపతి_నాణెం
విలువ ఏమీ లేదు. అంకె, అక్షరం, అంతే. వెనక నున్నగా ఉంది.

మంగళం_రోడ్డు
అయితే జీతానికి సంబంధం లేదనకండి. మా నాన్నగారు నూలు మిల్లులోనే పని చేశారు, దూది ఏకే కార్డింగ్ విభాగం. కూత పడగానే గేటు దగ్గర టైమ్ ఆఫీసు కిటికీలోంచి బిళ్ళ తీసుకోవాలి, లోపల మేస్త్రీ బోర్డుకు తగిలించాలి. షిఫ్టు మొదలైన పావుగంటకు గుమాస్తా వచ్చి బోర్డు చూసి మస్టరులో, అంటే హాజరు పుస్తకంలో, రాసుకునేవాడు. జీతాల బట్వాడా రోజున అదే బిళ్ళ కిటికీలో పెడితేనే జీతం కవరు ఇచ్చేవారు. పేరు ఎవరూ అడిగేవారు కాదు. అందుకే మా ఇంట్లో దాన్ని జీతం బిళ్ళ అనే అన్నారు.

దారపు_కండె
మా అమ్మ మిల్లులో నూలు చుట్టే రీలింగ్ విభాగంలో చేసింది. శాశ్వత కార్మికులకు గుండ్రటి బిళ్ళ, రానివాళ్ళ బదులు పని చేసే బదిలీ కార్మికులకు నలుచదరపు బిళ్ళ. నలుచదరపు బిళ్ళ ఉన్నవాళ్ళు గేటు బయట వేపచెట్టు కింద కూర్చుని, ఎవరైనా రాకపోతే పిలుస్తారేమోనని చూసేవారు. అమ్మకు గుండ్రటి బిళ్ళ వచ్చిన రోజు ఇంట్లో పాయసం చేసింది. ఆ రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆకారం మారితే బతుకే మారిపోయేది. మీ పదకొండులో నలుచదరపువి ఉన్నాయా?

తిరుపతి_నాణెం
అమ్మా, రెండు ఉన్నాయి! ఎందుకలా ఉన్నాయో అర్థం కాక వేరే ఫ్యాక్టరీవి అనుకున్నాను.

పలమనేరు_మాస్టారు
ముప్పై ఏళ్ళుగా ఏరుకుంటున్నాను కాబట్టి నాలుగు మాటలు. ఇత్తడి బిళ్ళ కనిపించిందల్లా కూలి బిళ్ళ కాదు. నడుముకు డవాలా పట్టీ వేసుకున్న బిళ్ళ బంట్రోతు బిళ్ళ వేరు, అది పెద్దది, ఆఫీసు పేరు ఉంటుంది. రైల్వే కూలీ చేతికి కట్టుకునే బిళ్ళ వేరు. పురపాలక సంఘాలు సైకిళ్ళకు పన్ను కట్టించుకుని ఇచ్చిన బిళ్ళలు వేరు, వాటి మీద సంవత్సరం ఉంటుంది. పనిముట్ల గదిలో రెంచి తీసుకుని దాని బదులు కొక్కేనికి తగిలించే బిళ్ళ ఇంకొకటి. అదీ అంకెతోనే ఉంటుంది. అందుకే ఒకే అంకెతో మూడు నాలుగు బిళ్ళలు దొరికితే అవి ఒకే కార్మికుడి పనిముట్ల బిళ్ళలు కావచ్చు.

కొనేటప్పుడు అంకె అంచు చూడండి. చేత్తో గుద్దితే లోహం పక్కకు జరిగి సన్నని గట్టు లేస్తుంది, వేలిగోటికి తగులుతుంది. పోత పోసిన నకిలీలో అంకె అంచు మెత్తగా, కరిగిన బెల్లంలా ఉంటుంది. ఇప్పుడు పాత్రల కొట్లలో పేర్లు కొట్టే మిషన్‌తో కొత్త ఇత్తడి రేకు మీద అంకెలు వేసి అమ్ముతున్నారు. అది చుక్కలు చుక్కలుగా ఉంటుంది, ఒక్క చూపుకే తెలిసిపోతుంది.

బరువు కూడా చూడండి. నా దగ్గర ఉన్న ఒక బిళ్ళ 35 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం. విడిగా 16.2 గ్రాములు, దారం కట్టి నీళ్ళలో ముంచితే 14.3. తేడా 1.9. 16.2ను 1.9తో భాగిస్తే 8.5 వస్తుంది. ఇత్తడి లెక్క 8.4 నుంచి 8.7 మధ్య ఉండాలి. ఏడు వస్తే పైపూత వేసిన జింకు పోత అని అనుమానించండి.

రాజంపేట_రాము
నగల కొట్లో తూచే చిన్న తూనిక సరిపోతుందా మాస్టారూ?

పలమనేరు_మాస్టారు
అంతకంటే ఏం కావాలి. దారం మాత్రం సన్నగా ఉండాలి, బిళ్ళ గిన్నె అడుగుకు తగలకూడదు.

గోవిందమాల
నేను నిన్ననే మా తాతగారి బిళ్ళను చింతపండు, బూడిద పెట్టి తోమాను. బంగారంలా మెరుస్తోంది. ఫొటో పెట్టనా?

పలమనేరు_మాస్టారు
అయ్యో. పెట్టండి, కానీ ఇక ఒక్కసారి కూడా తోమకండి.

దారపు_కండె
ఎందుకు తోమకూడదు? వరలక్ష్మీ వ్రతానికి కలశం చెంబు తోమమా? ఇత్తడిని మురికిగా ఉంచితే పెద్దవాళ్ళను అగౌరవపరచినట్టే. మా అమ్మ బిళ్ళను నేను ప్రతి సంక్రాంతికీ తోమి దేవుడి గూట్లో పెడతాను.

చిల్లర_చరిత్ర
దారపు_కండె గారు, చెంబు మందం వేరు. చింతపండు పులుపు నల్లటి పొరను తీసేస్తుంది, దాంతో పాటు పైపైన ఉన్న జింకునూ లాగేస్తుంది. ఎక్కువసేపు నానబెడితే ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది, చూశారా? అది రాగి బయటపడటం. మాటిమాటికీ బూడిదతో రుద్దితే అంకె అంచులు అరిగిపోతాయి. ఇరవై సంక్రాంతుల తర్వాత మీ అమ్మగారి అంకె మీ పిల్లలకు కనిపించాలా వద్దా?

దారపు_కండె
ఆ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇక తోమను. పసుపు, కుంకుమ మాత్రం మానను.

పలమనేరు_మాస్టారు
బిళ్ళ మీద కాకుండా పక్కన పెట్టండి తల్లీ. పచ్చటి చిలుము పొడిగా రాలుతుంటే వెదురుపుల్లతో మెల్లగా తీయండి, మెత్తటి గుడ్డతో తుడవండి, అంతే. ఇంకొక మాట. చౌకరకం మెత్తటి ప్లాస్టిక్ ఆల్బమ్‌లో పెట్టకండి. నావి 23 బిళ్ళలు అలా పాడయ్యాయి. వానాకాలం గడిచాక తీసి చూస్తే జిగటగా పచ్చటి పొర. ఆ ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆమ్లం పని అది. కాగితపు కవర్లో వేసి, కవరు మీద పెన్సిలుతో వివరాలు రాయండి.

పుత్తూరు_కట్టు
మా ముత్తాత పుత్తూరు నుంచి మద్రాసు వెళ్ళి పెరంబూరులో బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లులో చేరారు. 1918 ఏప్రిల్ 27న బి.పి. వాడియా అధ్యక్షుడిగా మద్రాసు లేబర్ యూనియన్ మొదలైనప్పుడు అందులో సభ్యుడయ్యారని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. మిల్లు 1996లో మూతపడింది. బిళ్ళ మా దగ్గర లేదు. అంకె మాత్రం ఉంది, 2217. నాలుగు తరాలుగా నోటిమాటగా వస్తోంది. నా ఫోను తాళం కూడా అదే.

నీలిచీర
ముందు ఫోను తాళం మార్చండి. ఊరందరికీ చెప్పేశారు.

పుత్తూరు_కట్టు
మార్చేశాను. నాకే నవ్వొచ్చింది.

డల్లాస్_చిత్తూరు
మా నాన్నగారి ఊరు చిత్తూరు. ఇక్కడ నాణేల ప్రదర్శనలో మన వైపు బిళ్ళలకు మంచి గిరాకీ ఉంది. ఎవరైనా తపాలాలో పంపితే డబ్బు ముందే ఇస్తాను. వందేళ్ళు దాటినవైతే ఇంకా ఎక్కువ.

చిల్లర_చరిత్ర
ఆ వందేళ్ళ దగ్గరే ఆగాలి తమ్ముడూ. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన నాణెం, కళాఖండం వంటివి పురావస్తువులు. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం. నీ అభిమానం మంచిదే, కానీ పంపినవాళ్ళు చిక్కుల్లో పడతారు. వచ్చినప్పుడు ఇక్కడే చూసుకో, ఫొటోలు తీసుకో.

డల్లాస్_చిత్తూరు
తెలియక అడిగాను అన్నా. ఫొటోలు చాలు.

గోవిందమాల
ఒక వీడియోలో ఇలాంటి బిళ్ళకు రెండు లక్షలు ఇస్తారని చూశాను. నిజమేనా?

పలమనేరు_మాస్టారు
ఆ వీడియో కింద ఉన్న నంబరుకు ఫోను చేస్తే ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు. కట్టకండి. నేను ఒక్కో బిళ్ళకు 80 నుంచి 300 రూపాయల దాకా ఇచ్చాను. ఊరు పేరు, విభాగం స్పష్టంగా ఉన్నదానికి ఒకసారి 900 ఇచ్చాను. మా ఇంటావిడ రెండు రోజులు మాట్లాడలేదు.

కుప్పం_పావని
చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా తాతయ్య కోలారు బంగారు గనుల్లో చేశారు, ఛాంపియన్ రీఫ్‌లో. ఆ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. కుప్పంలో రైలెక్కి బంగారపేటలో దిగి, అక్కడి నుంచి మారికుప్పం బండి పట్టుకునేవారట. వారానికి ఒకసారి ఇంటికి వచ్చేవారు. లోపలికి దిగే ముందు బిళ్ళ తీసుకోవాలి, పైకి వచ్చాక తిరిగి ఇవ్వాలి. షిఫ్టు అయ్యాక బోర్డు మీద మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా భూమిలోనే ఉన్నాడని లెక్క. లోపల రాళ్ళు పేలినట్టు విరిగిపడేవి. అది జరిగిన రోజుల్లో ఆడవాళ్ళు గేటు దగ్గరికి పరిగెత్తి ముందు బోర్డు వైపే చూసేవారని నాయనమ్మ చెప్పేది.

తాతయ్య చివరి రోజు బిళ్ళ ఎలా ఇంటికి తెచ్చుకున్నారో తెలియదు. మా దగ్గర ఉంది. చిల్లు పైన కాదు, నట్టనడుమ ఉంది. అంకెలు దాని కింద ఉన్నాయో పైన ఉన్నాయో తెలియడం లేదు. ఒకలా పట్టుకుంటే 608, తిప్పి పట్టుకుంటే 809. పెద్దనాన్న 608 అంటారు, అత్తయ్య 809 అంటుంది. ఇద్దరూ ఎనభై దాటినవాళ్ళు, ఇద్దరూ పట్టు వదలరు. ఎలా తేల్చాలి?

రాజంపేట_రాము
6, 9 ఒకే అచ్చుతో గుద్దేవారు కదా. కింద గీత ఏమైనా ఉందా?

కుప్పం_పావని
గీత లేదు.

తిరుపతి_నాణెం
అమ్మా, చిల్లు చూడండి. బిళ్ళ మేకుకు వేలాడితే మేకు చిల్లు పైఅంచు మీదే రాసుకుంటుంది. ఏళ్ళ తరబడి రోజుకు రెండుసార్లు. ఆ వైపు చిల్లు కొంచెం సాగి ఉండాలి. నా పదకొండులో తొమ్మిదింటికి చిల్లు గుడ్డులా ఉంది, అన్నీ పైకే సాగాయి. భూతద్దంతో చూడండి, సాగిన వైపు పైకి పెట్టి అంకె చదవండి.

పలమనేరు_మాస్టారు
ముప్పై ఏళ్ళలో నాకు ఈ ఆలోచన రాలేదు. నా వాటికీ చూస్తాను.

కుప్పం_పావని
చూశాను. కంటికి తెలియలేదు. మా అమ్మాయి ఫోను కెమెరాతో పెద్దది చేసి చూపించింది. చిల్లు ఒక పక్క సన్నగా, నున్నగా సాగింది, అక్కడి ఇత్తడి మిగతా చోటు కంటే మెరుస్తోంది. ఆ పక్కను పైకి పెడితే 809. పెద్దనాన్నకు ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మీ అత్తయ్యే రోజూ క్యారియర్ మీద అంకె చూసి అందించేది, దానికే గుర్తుంటుంది" అన్నారు.

దారపు_కండె
నాకు కళ్ళు చెమర్చాయి.

చిల్లర_చరిత్ర
ఆ మాట ఈ రోజే ఒక కాగితం మీద రాసి బిళ్ళతో పాటు ఉంచండి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. బోర్డులు, మస్టర్లు ఎక్కడెక్కడికి పోయాయో. అంకెకు పేరు చెప్పగలిగినవాళ్ళు ఇళ్ళలో ఉన్న పెద్దలే.

ఇనుపసామాన్లు
మొదట వ్యాపారం మాట మాట్లాడాను. ఇదంతా చదివాక మా కొట్లో కుర్రాళ్ళకు చెప్పాను, అంకె ఉన్న ఇత్తడి బిళ్ళ వస్తే డబ్బాలో వేయమని. ఇత్తడి ధరకే ఇస్తాను, పైసా ఎక్కువ వద్దు. తిరుపతి_నాణెం గారు, మీ దగ్గర ఉన్న అంకెలు ఇక్కడ రాయండి. ఎవరివైనా కావచ్చు కదా.

తిరుపతి_నాణెం
నిజమే, ముందే రాయాల్సింది. గుండ్రటివి: 37, 112, 118, 260, 303, 411, 415, 502, 590. నలుచదరపువి: 14, 71. గుండ్రటివాటిలో 411, 415 కింద సి అక్షరం ఉంది.

మంగళం_రోడ్డు
సి అంటే కార్డింగ్. మిల్లు ఏదో మీరు చెప్పకపోయినా నాకు తెలిసింది. రేణిగుంట వైపు కూల్చినది అదొక్కటే.

మా నాన్నగారి అంకె 412.

రాజంపేట_రాము
అయ్యో.

మంగళం_రోడ్డు
బాధపడకండి. ఆయన పోయి పద్నాలుగేళ్ళయింది. జుట్టు నిండా తెల్లటి దూదితో ఇంటికి వచ్చేవారు, మేము చిన్నప్పుడు ఆయనకు ముందే ముసలితనం వచ్చేసిందని అనుకునేవాళ్ళం. తల స్నానం చేస్తే మళ్ళీ నల్లగా అయ్యేది. ఒకసారి బిళ్ళ పోగొట్టుకుంటే మూడు రోజులు జీతం ఆపారు, అపరాధం కట్టించుకుని అదే అంకెతో కొత్తది కొట్టి ఇచ్చారు. ఆ మూడు రోజులూ ఇంట్లో గంజే. ఆ రోజుల్లో ఆ బిళ్ళంటే నాకు కోపం. ఇప్పుడు ఒక్కసారి చేతిలో పట్టుకోవాలని ఉంది.

తిరుపతి_నాణెం
నిన్న మళ్ళీ దుకాణానికి వెళ్ళాను. సంచి అడుగున చిరుగు ఉండేది, జారినవి ఏమైనా ఉంటాయేమోనని. తక్కెడ కింద మట్టిలో ఒకటి దొరికింది, 88. ఇంకొకటి దుకాణదారుడి తాళాలగుత్తికే వేలాడుతోంది, 408, సి అక్షరం. అడగగానే విప్పి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. 412 దొరకలేదు. నేల మొత్తం పుల్లతో గీకి చూశాను.

మంగళం_రోడ్డు గారు, బట్వాడా వరస అంకెల ప్రకారమేనా?

మంగళం_రోడ్డు
అవును. కిటికీ ముందు అంకెల వరసే. నాన్నగారి ముందు ఒకాయన నిలబడేవారు, పొట్టిగా, ఎప్పుడూ తలకు ఎర్ర తువ్వాలు. ఇద్దరూ కలిసి జీతం కవర్లు లెక్కపెట్టుకుని, గేటు బయట టీ తాగి, మాకు కారబ్బూంది పొట్లం కట్టించుకుని వచ్చేవారు. ఆయన పేరు నాకు గుర్తులేదు. ఎర్రతువ్వాలు మామయ్య అనేవాళ్ళం.

తిరుపతి_నాణెం
అయితే ఆయన అంకె 411. అది మీ దగ్గర ఉండాలి. రేపు సాయంత్రం ఆరింటికి రేణిగుంట స్టేషను బయట టీ కొట్టు దగ్గర ఉంటాను. కాగితపు కవర్లో వేసి తెస్తాను, తోమలేదు.

మంగళం_రోడ్డు
వస్తాను. మా అమ్మను కూడా తీసుకొస్తాను. ఆయన పేరు ఆమెకు తెలుసు. కవరు మీద రాయడానికి పెన్సిలు తెండి.